ఆమె చేతిలో పద్నాలుగు వందల గ్రాములు

పద్నాలుగు వందల గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డకు తొలిరోజు మొత్తానికి కావలసిన ద్రవం 112 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసుకు కాస్త పైన. ఇరవై నాలుగు గంటలకు పంచితే గంటకు నాలుగున్నర మిల్లీలీటర్ల చిల్లర. అది తగ్గితే రక్తంలో చక్కెర పడిపోతుంది. పెరిగితే గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా సుమారు 120 మిల్లీలీటర్లే. పరీక్షకని ఒక్క మిల్లీలీటరు తీస్తే, పెద్ద మనిషి ఒంట్లోంచి నలభై మిల్లీలీటర్లు తీసినంత లెక్క. ఇంత సన్నటి కొలతల మధ్య తెల్లవార్లూ తిరుగుతూ పనిచేసే మనిషిని మనం సిస్టరమ్మ అని పిలుస్తాం. బిడ్డను ఇంటికి తీసుకెళ్ళే రోజున దండం పెడతాం. ఆ తర్వాత మరిచిపోతాం.

మరిచిపోవడానికి కారణం మన కృతఘ్నత ఒక్కటే అనుకోను. ఏ వృత్తిలోనైనా పనితనానికి సాక్షులుంటారు. నేతగాడి చీర కట్టుకున్నవాళ్ళు చెబుతారు, పంతులుగారి పాఠం విన్నవాళ్ళు చెబుతారు. పసిబిడ్డల వార్డులో నర్సుకు ఆ భాగ్యం లేదు. ఆమె చేతుల్లో ప్రాణం దక్కించుకున్న రోగికి ఆమె ముఖం గుర్తుండదు. ఆ వార్డులో తాను పడుకున్న సంగతే తెలియకుండా పెరిగి, బడికిపోయి, పెళ్ళి చేసుకుంటాడు. పని ఎంత బాగా జరిగితే దాని ఆనవాలు అంతగా చెరిగిపోతుంది. అందుకే ఆమెను స్మరించుకోవాలంటే ఆమె పనిని దగ్గరగా చూసి చెప్పడం తప్ప మరో దారి లేదు.

ఈ వ్యాసంలో ‘ఆమె’ అన్నప్పుడు ఒక్క మనిషి పేరు చెప్పడం లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్ళలో పసిబిడ్డల వార్డుల్లో పనిచేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో ఒంటిచేత్తో పిల్లల్ని పెంచుకుంటూనే ఇక్కడ పరాయి పిల్లల్ని నిలబెట్టిన తల్లులు అందరూ ఆ మాటలో ఉన్నారు.

ఊరూ, దూరమూ

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దాని మూడు రెవెన్యూ డివిజన్లు. ఎల్లారెడ్డి వైపు పోతే మంజీర మీద కట్టిన నిజాంసాగర్, మెదక్ సరిహద్దున పోచారం చెరువు, అడవి అంచుల్లో తండాలు. అక్కడినుంచి జిల్లా కేంద్రానికి రావడమే ఒక ప్రయాణం. కామారెడ్డి నుంచి హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 110 కిలోమీటర్లు. బలహీనంగా పుట్టిన బిడ్డకు ఆ దూరమే పెద్ద జబ్బు. దారిలో ఒళ్ళు చల్లబడుతుంది, చక్కెర తగ్గుతుంది, ఊపిరి ఆగుతుంది.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో బిడ్డ పరిస్థితి విషమిస్తే వినిపించే పేరు ఒక్కటే: నీలోఫర్. నిజాం కోడలు నీలోఫర్ యువరాణి, తనకు ఇష్టమైన పరిచారిక కాన్పులో చనిపోవడం చూసి తల్లడిల్లి, తల్లులకూ పిల్లలకూ ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టిందని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్నో ఊళ్ళ పిల్లల్ని బతికించిన ఆసుపత్రి అది. అయితే అక్కడిదాకా బతికి చేరడం అందరికీ సాధ్యం కాలేదు.

ఆ దూరాన్ని తగ్గించాలన్న ఆలోచనతోనే జిల్లా స్థాయిలో నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగాలు వచ్చాయి. అందరూ ఎస్‌ఎన్‌సీయూ అంటారు. జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి విభాగం నడపవచ్చని దేశానికి మొదట చూపించింది పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా, 2003లో. తర్వాత 2011లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పు జరిగే ప్రతిచోటా ఒక నవజాత శిశు మూల, ఎల్లారెడ్డి స్థాయి ఆసుపత్రుల్లో బిడ్డను నిలకడపరిచే చిన్న విభాగం, జిల్లా ఆసుపత్రిలో కనీసం పన్నెండు పడకల ఎస్‌ఎన్‌సీయూ. ఒక్కో షిఫ్టులో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలని అందులో రాశారు. ఆ నర్సుకు నాలుగు రోజుల తరగతి శిక్షణ, ఆపైన రెండు వారాలు పెద్ద ఆసుపత్రిలో దగ్గరుండి చూసి నేర్చుకునే శిక్షణ. మిగతాదంతా ఆమెకు పిల్లలే నేర్పాలి.

శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2020 లెక్కల ప్రకారం తెలంగాణలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 15 మంది మొదటి 28 రోజుల్లోనే చనిపోయారు. అప్పటి దేశం సగటు 20. ఈ సంఖ్యను 2030 నాటికి ఒక్క అంకెకు దించాలన్నది 2014లో దేశం పెట్టుకున్న లక్ష్యం. అది దిగేది ఢిల్లీలో కాదు, రాత్రి రెండు గంటలకు, బిడ్డను వెచ్చగా ఉంచే ఒక వార్మర్ పక్కన.

మొదటి నిమిషం

పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏం చేయాలో తేల్చుకోవడానికి ఉన్న గడువు అరవై క్షణాలు. వైద్యులు దాన్ని బంగారు నిమిషం అంటారు. 1952లో న్యూయార్క్‌లో వర్జీనియా అప్గార్ అనే మత్తువైద్యురాలు, బిడ్డను పుట్టిన నిమిషానికి ఐదు గుర్తులతో చూసి అంకె వేసే పద్ధతి రూపొందించింది. రంగు, గుండె వేగం, స్పందన, కండరాల పట్టు, ఊపిరి. ఆ అంకె ఇప్పటికీ మన కేస్‌షీట్లలో ఉంది. కానీ ఏడవని బిడ్డ ముందు నిలబడిన నర్సు అంకె కోసం ఆగదు. అంకె రాసేలోపే ఆమె చేతులు పని మొదలుపెడతాయి.

ఆ చేతుల్ని వరుసగా గమనించాలి. కాన్పుకు ముందే గది వెచ్చగా ఉందా, ఫ్యాను ఆగిందా చూస్తుంది. రెండు పొడిబట్టలు వెచ్చబెట్టి ఉంచుతుంది. ఊపిరి అందించే అంబూ బ్యాగును అరచేతికి ఆనించి నొక్కి, గాలి వస్తోందో లేదో చూసుకుంటుంది. మాస్కుల్లో సైజు వెతికి పెట్టుకుంటుంది. అది ముక్కూ నోరూ మూయాలి, కళ్ళ మీదికి పోకూడదు. బిడ్డ రాగానే ఒక బట్టతో గట్టిగా తుడిచి, ఆ తడిబట్ట పారేసి రెండోది కప్పుతుంది. ఆ తుడవడమే మొదటి వైద్యం. చాలామంది అక్కడే ఏడుస్తారు. ఏడవనివాళ్ళకు వీపు మీద రాస్తుంది, మెడను సరైన కోణంలో పెడుతుంది. మరీ వంగినా, మరీ వెనక్కి వాల్చినా గాలిదారి మూసుకుపోతుంది. భుజాల కింద ఒక బట్టమడత, అంతే. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మాస్కును పట్టుకుంటే మిగిలిన మూడు వేళ్ళు దవడను పైకెత్తుతాయి. నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు బ్యాగు నొక్కుతుంది.

ఎంత నొక్కాలో పుస్తకం చెప్పలేదు. ఆమె చూపు బ్యాగు మీద ఉండదు, బిడ్డ ఛాతీ మీద ఉంటుంది. ఛాతీ లేచిందంటే అందినట్టు. లేవలేదంటే మాస్కు పక్కనుంచి గాలి పోతోంది, లేదా మెడ జరిగింది, లేదా గొంతులో ఏదో అడ్డుంది. ఏది ముందు సరిచూడాలో ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి లేదు. చెయ్యే ఆలోచించాలి. వందల కాన్పుల తర్వాత వచ్చే చెయ్యి అది. ఎక్కువ గట్టిగా నొక్కితే లేత ఊపిరితిత్తులు చిల్లుపడతాయి. భయపడి మెల్లగా నొక్కితే గాలి లోపలికి పోదు. భయమున్నా చెయ్యి వణకకపోవడం పెద్ద విద్య.

వేలి వెనక ఉన్న థర్మామీటరు

వార్మర్‌కు డిజిటల్ అంకెలుంటాయి, బిడ్డ పొట్టకు అతికించే సెన్సర్ ఉంటుంది. అవి ఉన్నా ఆమె వార్డులో అడుగుపెట్టగానే చేసే పని వేరే. రెండు నిమిషాలు మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఒక్కో బిడ్డ దగ్గర ఆగి, చేతివేళ్ళ వెనకవైపు పొట్టకు ఆనించి, వెంటనే అరికాలికి ఆనిస్తుంది. రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి కాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోంది. రెండూ చల్లబడితే ఆపద. చంకలో థర్మామీటరు 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య చూపాలి. కానీ థర్మామీటరు పెట్టాలన్న సందేహం మొదట వేలికే వస్తుంది. అంకె దిగకముందే కాలు చల్లబడుతుంది మరి.

చలి ఎందుకంత ప్రమాదమో ఆమెకు బాగా తెలుసు. పెద్దవాళ్ళలా పసిబిడ్డ వణికి వేడి పుట్టించుకోలేదు. ఒంట్లో దాచుకున్న కాస్త కొవ్వునూ చక్కెరనూ కాల్చుకుని వెచ్చబడాలి. నెలలు నిండని బిడ్డకు ఆ నిల్వలే లేవు. చల్లబడిన బిడ్డకు చక్కెర పడిపోతుంది, చక్కెర పడితే ఊపిరి మందగిస్తుంది. ఒక తడి లంగోటా మార్చకపోవడం, కిటికీ సందులోంచి వచ్చే గాలి, చన్నీళ్ళు తాకిన చెయ్యి, ఇంత చిన్నవాటితో ఆ గొలుసు మొదలవుతుంది. అందుకే ఆమె గుడ్డలు మార్చే తీరులో కూడా ఒక క్రమం ఉంటుంది. ఒకవైపు తెరిచి, ఆ వైపు పని అయ్యాక కప్పి, రెండోవైపు తెరుస్తుంది. బిడ్డ ఒంటిని మొత్తంగా ఎప్పుడూ గాలికి వదలదు.

సూది వేసేటప్పుడు ఈ పనితనం ఇంకా సన్నబడుతుంది. ఆ బిడ్డ చేతిమీద నరం దారప్పోగంత. అందులోకి పంపే కాన్యులా 24 లేదా 26 గేజిది. లైటును అటూ ఇటూ తిప్పి చర్మం కింద నీలిగీతను వెతుకుతుంది. స్పిరిట్ ఆరేదాకా ఆగుతుంది. రక్తం కనబడగానే తోయడం ఆపుతుంది, కొసదాకా తోస్తే నరం అవతలికి పోతుంది. ప్లాస్టరు వేశాక వేళ్ళ చివర్లు కనబడేలా ఉంచుతుంది, రంగు మారితే తెలియాలని. గంటగంటకూ ఆ చోటును చూసి వాపు ఉందా అని నొక్కుతుంది.

మందుల లెక్క మరో పరీక్ష. జెంటామైసిన్ సీసా 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు ఉంటుంది, అది పెద్దవాళ్ళకు తయారైన మోతాదు. మన పద్నాలుగు వందల గ్రాముల బిడ్డకు డాక్టర్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రాస్తే కావలసింది 7 మిల్లీగ్రాములు. సీసాలోంచి నేరుగా తీస్తే 0.175 మిల్లీలీటరు, సిరంజి గీతల మధ్య కంటికి ఆనని కొలత. అందుకే ఒక మిల్లీలీటరు తీసి నాలుగు మిల్లీలీటర్లుగా పలచబరిచి, దాంట్లోంచి 0.7 తీస్తుంది. చుక్క ఒక స్థానం పక్కకు జరిగితే మోతాదు పదింతలవుతుంది, చెవులూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. కాబట్టి పక్కనున్న సిస్టర్‌తో మళ్ళీ లెక్క చూపించుకుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి, కళ్ళు మూతలు పడే వేళ కూడా, ఆ రెండోసారి చూపించుకోవడం మానని మనిషే మంచి నర్సు.

ఉగ్గుగిన్నె

నెలలు నిండని బిడ్డకు చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ కలిసి రావాలంటే సాధారణంగా 34 వారాలు నిండాలి. అంతకు చాలా ముందు పుట్టిన బిడ్డకు నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి పాలు పోస్తారు. గొట్టం ఎంత పొడవు వేయాలో ఆమె బిడ్డ ముఖం మీదే కొలుచుకుంటుంది. ముక్కు మొదలు నుంచి చెవి దాకా, అక్కడినుంచి ఛాతీ ఎముక కొసకూ బొడ్డుకూ నడిమి దాకా. గుర్తు పెట్టి, వేసి, లోపలికే పోయిందని నిర్ధారించుకున్నాక గానీ ఒక్క చుక్క పోయదు. పాలను సిరంజితో తోయదు. సిరంజిని పైకెత్తి పట్టుకుంటే బరువుకు అవే దిగుతాయి.

32 వారాలు దాటాక ఉగ్గుగిన్నె వస్తుంది. మన ఇళ్ళలో అమ్మమ్మలు వాడిన ముక్కుగిన్నె ఇప్పుడు ఎస్‌ఎన్‌సీయూలో స్టీలుదో ప్లాస్టిక్‌దో అయి, వేడినీళ్ళలో మరిగి బయటికొస్తుంది. పట్టే విద్య మాత్రం కొత్తగా నేర్చుకోవలసినదే. బిడ్డను కాస్త కూర్చోబెట్టినట్టు పట్టి, గిన్నె కొసను పెదవి మూలకు ఆనించి, పాలు పెదవికి తగిలేదాకా వంచి ఆగాలి. బిడ్డ నాలుక బయటికి పెట్టి తీసుకోవాలి. పోయకూడదు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తొమ్మిది మిల్లీలీటర్లు తాగించడానికి ఇరవై నిమిషాలు పడితే ఆ ఇరవై నిమిషాలూ ఆమెవి. రెండు గంటలకోసారి మళ్ళీ అదే. బిడ్డ ముఖం చూస్తుంటుంది: కళ్ళు పెద్దవయ్యాయా, నుదురు ముడిపడిందా, పెదవుల చుట్టూ నీలం వచ్చిందా. వస్తే గిన్నె దించుతుంది, ఆగుతుంది, మళ్ళీ పెడుతుంది. మరునాడు తూకంలో పది గ్రాములు పెరిగితే ఆ సంతోషం వార్డంతా పంచుకుంటారు.

సిస్టర్ వార్డ్ చూసిన మూల

ఈ వృత్తిలో కన్ను ఎంత గొప్పదో చెప్పే ఉదంతం ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది. 1956 వేసవిలో ఎసెక్స్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల విభాగం బాధ్యత చూసే జీన్ వార్డ్ అనే సిస్టర్‌కు ఒక అలవాటు ఉండేది. ఎండ బాగున్నప్పుడు పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్ళేది, గాలీ వెలుతురూ మంచివని. ఒకరోజు డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చినప్పుడు బిడ్డ ఒంటిమీది బట్ట తొలగించి చూపించింది. ఒళ్ళంతా పసుపు పలచబడింది. ఒక్క మూల మాత్రం ముదురు పసుపు అలాగే ఉంది. దుప్పటి కొస కప్పిన చోటు అది. ఎండ తగిలిన చోట కామెర్లు తగ్గాయి, తగలనిచోట తగ్గలేదు.

ఆ త్రికోణపు పసుపు మచ్చను మరొకరు చూసి వదిలేసేవారు. ఆమె వదలలేదు. ఆ విభాగంలోని వైద్యుడు క్రీమర్, ఆయన సహచరులు దాన్ని పట్టుకుని పరిశోధించి, 1958లో లాన్సెట్ పత్రికలో కాంతి చికిత్సను ప్రకటించారు. ఈవేళ కామారెడ్డిలోనైనా, హైదరాబాద్‌లోనైనా పసిరికలు వచ్చిన బిడ్డను నీలిలైటు కింద పడుకోబెడుతున్నారంటే దాని మూలం ఒక నర్సు చూపు. ఎందరో పిల్లలకు రక్తం మార్చవలసిన అవసరం లేకుండా చేసిన చికిత్స అది.

మన నర్సు కూడా రోజూ చేసేది ఆ చూడటమే. వేలితో చర్మం నొక్కి వదిలి, పసుపు ముఖం మీద ఆగిందా, ఛాతీ దాటిందా, అరికాలు చేరిందా చూస్తుంది. లైటు కింద పెట్టేముందు కళ్ళకు గంతలు కడుతుంది, అవి జారి ముక్కుమీద పడకుండా చూస్తుంది. వీలైనంత ఒళ్ళు లైటుకు తగిలేలా లంగోటా చిన్నది వేస్తుంది, బిడ్డను అటూ ఇటూ తిప్పుతుంది, పాలు ఎక్కువసార్లు పట్టిస్తుంది. లైటు ఎవరైనా వేయగలరు. లైటు పనిచేసేలా చేసేది ఈ చిల్లర పనులే.

ఆక్సిజన్ విషయంలో ఆమె అప్రమత్తత ఇంకా ఎక్కువ. తక్కువైతే ప్రాణానికి, ఎక్కువైతే కంటికి ప్రమాదం. నెలలు నిండని బిడ్డకు అవసరానికి మించి ఆక్సిజన్ అందితే రెటీనాలో రక్తనాళాలు వంకరగా పెరిగి చూపు పోయే జబ్బు వస్తుంది. ఊపిరికి తోడుపడే యంత్రం మీద ఉన్నప్పుడు ఆక్సిజన్ సంతృప్తత 90 నుంచి 95 మధ్య ఉండాలి. 99 కనబడితే బంధువులు సంతోషిస్తారు, ఆమె కంగారుపడి మీట తిప్పుతుంది. ఈ జబ్బు మీద హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ, అందులోనూ డాక్టర్ సుభద్రా జలాలి, ఏళ్ళ తరబడి చేసిన కృషి ఫలితంగా పుట్టిన నెలరోజుల్లోపు కంటిపరీక్ష తప్పనిసరి అన్న తెలివిడి జిల్లాల దాకా వచ్చింది. ఇంటికిపోయే తల్లికి ఆ తేదీ గుర్తుచేసి, “పొలం పనులున్నాయని ఆగకు బిడ్డా, కన్ను పోతే మళ్ళ రాదు” అని మందలించేది సిస్టరే.

తల్లిని తల్లిగా నిలబెట్టడం

యంత్రాల మధ్య పడుకున్న బిడ్డను చూసి తల్లి భయపడుతుంది. ముట్టుకోవడానికి జంకుతుంది. తనది కాదేమో అన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడుతుంది. ఆ జంకు పోగొట్టడం ఈ వృత్తిలో చివరి మెట్టు, నా దృష్టిలో అన్నిటికన్నా ఎత్తైన మెట్టు.

దానికి ఉన్న సాధనం కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టవలసివచ్చినప్పుడు, ఎడ్గార్ రే అనే వైద్యుడు తల్లుల రొమ్ముల మధ్యే పిల్లల్ని కట్టించాడు. పేదరికంలోంచి పుట్టిన ఉపాయం అది. తర్వాత భారత్‌తో సహా ఐదు దేశాల్లో మూడువేల మందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే ఇలా కట్టిన పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పిల్లలూ ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహాలను ఆ మేరకు మార్చుకుంది.

అధ్యయనం చెప్పినదాన్ని ఆచరణలో పెట్టేది ఆమె. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, లంగోటా వేసి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, కాళ్ళు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, చున్నీతో కట్టి ముడి వేస్తుంది. ముడి బిగువు చూసుకుంటుంది, బిడ్డ పొట్ట ఆడాలి కదా. తల్లి నిద్రపోయినా జారకూడదు. తర్వాత ఆ తల్లితో మాట్లాడుతూ కూర్చుంటుంది. ఈ జిల్లానుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు ఎందరో. కాన్పు వేళకు భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి, ఫోన్‌లో మాత్రమే బిడ్డను చూసే ఇళ్ళు తక్కువేమీ కాదు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులు, తండానుంచి వచ్చి భాష చాలక బిక్కచచ్చిన తల్లులు. వాళ్ళకు ధైర్యం చెప్పడం ఏ ప్రొటోకాల్‌లోనూ రాసి లేదు. “నీ ఒంటి వేడే దీనికి మందు, నువ్వు ఇక్కడ కూసుంటే సాలు” అన్న ఒక్క మాటతో భయపడిన తల్లి వైద్యం చేసే మనిషిగా మారుతుంది.

పాల సంగతి కూడా ఇంతే ఓపిక అడుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం సుమారు 37 శాతమే. ఆసుపత్రికి చేరినా ముర్రుపాలు చేరని పరిస్థితి ఇది. దీన్ని మార్చవచ్చని చూపించింది ఈ జిల్లాయే. బాన్సువాడ ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు వచ్చింది. డబ్బాపాలు ఇవ్వకుండా, తేనె నాకించనివ్వకుండా, కుట్లనొప్పితో ఉన్న బాలింత పక్కన నిలబడి బిడ్డను రొమ్ముకు పట్టించిన నర్సుల పని ఆ గుర్తింపు వెనక ఉంది. అవ్వలతో వాదించడం కూడా అందులో భాగమే. బొడ్డుకు బూడిద రాయొద్దని, ఆముదం పోయొద్దని చెప్పాలి, ఆ పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా చెప్పాలి. ఇంటికిపోయాక బిడ్డను చూసేది ఆ అవ్వే.

ఇద్దరు తల్లులు ఒక్క మనిషిలో

రాత్రి డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె తన ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టి, హోంవర్కు చూసి, తలుపు గడియ వేసుకోమని చెప్పి వస్తుంది. భర్త పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు, వదిలేసి పోయినవాళ్ళను మరిచి బతుకు మొదలుపెట్టినవాళ్ళు నర్సింగ్‌లో ఎందరో ఉన్నారు. ఆడపిల్ల తన కాళ్ళ మీద నిలబడటానికి మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో నమ్మకంగా కనిపించిన దారుల్లో ఇదొకటి. పక్కింటి అక్కకో, ముసలి తల్లికో పిల్లల్ని అప్పజెప్పి, తెల్లవారి ఇంటికి వచ్చి, వాళ్ళ జడలు వేసి బడికి పంపి, అప్పుడు నిద్రపోతుంది. ఆ నిద్ర కూడా మధ్యాహ్నం నల్లా వచ్చేదాకానే.

బయటివాళ్ళు ఇదంతా త్యాగం అంటారు. నేను దీన్ని కూడా పనితనం అంటాను. ఇంట్లో జ్వరంతో ఉన్న సొంత బిడ్డను వదిలి వచ్చి, వార్డులో పరాయి బిడ్డ అరికాలు తాకి చూసేటప్పుడు ఆ వేలి వెనక ఏ కలవరమూ ఉండకూడదు. ఆ రెండింటినీ వేరుగా పట్టుకోవడం ఎవరూ నేర్పని సాధన. ఒంటరిగా ఇల్లు నడిపిన అలవాటు వార్డులో కూడా పనికొస్తుంది. ఉన్న రెండు వార్మర్లను ముగ్గురు పిల్లలకు ఎలా సర్దాలో, ఎవరిని కాసేపు తల్లి దగ్గరికి పంపాలో, ఎవరిని కన్ను మూయకుండా చూడాలో ఆమె తేల్చుకుంటుంది. ఇంటికీ ఆసుపత్రికీ ఒకే వివేకం.

అన్ని రాత్రులూ గెలుపుతో తెల్లవారవు. ఊపిరి ఆగిన బిడ్డకు చేయగలిగినదంతా చేశాక, గొట్టాలు తీసి, ఒళ్ళు తుడిచి, ముఖం కనబడేలా తెల్లబట్టలో చుట్టి తల్లి చేతుల్లో పెట్టేది కూడా ఆమే. ఆ చుట్టడంలోనూ ఆమె తొందరపడదు. ఆ తర్వాత చేతులు కడుక్కుని పక్క వార్మర్ దగ్గరికి పోతుంది, అక్కడ పాలు పట్టే వేళ అయి ఉంటుంది.

ఇవ్వవలసినవి

రాష్ట్రంలో నర్సుల సేవకు పెద్ద గుర్తింపు అప్పుడప్పుడూ వస్తోంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంటలో గుత్తికోయ గూడేల మధ్య పనిచేసిన ఏఎన్ఎం తేజావత్ సుశీల 2023లో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం అందుకున్నారు. అలాంటి పేర్లు ఇంకా రావాలి. కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. భవనాలు, యంత్రాలు, ప్రొఫెసర్లు వస్తున్న ఈ తరుణంలో అడగవలసిన ప్రశ్న ఒకటే: వార్మర్ పక్కన నిలబడే మనిషికి ఏం ఇస్తున్నాం?

మూడు నాలుగు పడకలకు ఒక నర్సు అన్నది కాగితం మీది మాటగా మిగిలిపోకూడదు. ఒక్క చెయ్యి ఎనిమిదిమంది పిల్లల మధ్య తిరిగితే అరికాలు తాకి చూసే తీరిక ఎక్కడిది? పసిబిడ్డల పని నేర్చుకున్న నర్సును ఆరు నెలలకోసారి వేరే వార్డుకు మార్చితే ఆ చేతికొచ్చిన విద్య వృథా. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో, ఔట్‌సోర్సింగ్‌లో ఉంచితే ఆమె ఇల్లు నిలవదు. యాభైమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది. పరాయి పిల్లల్ని కాపాడే ఆసుపత్రిలో, నర్సు సొంత పిల్లలు రాత్రిపూట భద్రంగా పడుకునే గది ఉండటం ఆ నిబంధన అమలుకు మొదటి రుజువు కావాలి. శిశు సంరక్షణ సెలవు ఉద్యోగం తీరును బట్టి మారకుండా ప్రతి నర్సుకూ అందాలి. ఒంటరి తల్లులకు డ్యూటీలు వేసేటప్పుడు వాళ్ళ ఇంటి పరిస్థితి అడిగి వేయడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇక మనం చేయగలిగినది చిన్నది. డిశ్చార్జి కాగితంలో డాక్టర్ పేరు ఉంటుంది, వార్డు పేరు ఉంటుంది. రాత్రంతా ఉగ్గుగిన్నె పట్టిన సిస్టర్ పేరు ఉండదు. ఇంటికి వచ్చే ముందు ఆమె పేరు అడగండి. బిడ్డ టీకాల కార్డు వెనక రాసి పెట్టండి. బిడ్డకు బుద్ధి తెలిశాక ఆ పేరు చదివి వినిపించండి. ఆ బిడ్డకు ఆమె గుర్తుండే అవకాశం లేదు కనుక, గుర్తుచేసే బాధ్యత మనదే.